ఎర్రగీతల మూకుడు

1935 జూన్ 11, మంగళవారం. పొద్దెక్కకముందే వడగాలి మొదలైంది. వానలకి ఇంకా నెల గడువుంది. ఆకాశంలో మబ్బుతునక లేదు, హీలా నది ఇసకలో తడి లేదు. బండి కింద పడుకున్న కుక్కలు నీడ జరిగినప్పుడల్లా తామూ జరుగుతున్నాయి తప్ప వేరే పని పెట్టుకోలేదు.

బూడిదమిట్టలో మినర్వా ఆంటోన్ ఎప్పటిలాగే పందిరి కింద గోనె పరుచుకుని కుండ కొడుతోంది. ఆ ఊళ్ళో సారె ఎవరూ ఎరగరు. పాత కుండని బోర్లించి, దాని అడుగు మీద మట్టిని రొట్టెలా పరిచి, కాస్త ఆరాక ఊడదీసి, పైన మట్టితాళ్ళు చుట్టుకుంటూ పోవాలి. లోపల ఎడమచేత్తో గుండ్రాయి ఆనించి, బయటినుంచి కుడిచేత్తో చెక్కతో కొట్టాలి. రాయికీ చెక్కకీ మధ్య మట్టి నలిగి నలిగి పల్చబడి గట్టిపడుతుంది. మినర్వా అమ్మ అలాగే చేసేది, అమ్మమ్మ అలాగే చేసేది, ఊరి పక్క దిబ్బ కింద పడుకున్న పాతకాలపు వాళ్ళూ అలాగే చేసేవాళ్ళు. ఇప్పుడు ఊళ్ళో మిగిలింది మినర్వా ఒక్కతే. తక్కినవాళ్ళు రేకు బకెట్లకి మారారు. రేకు బకెట్లో నీళ్ళు మధ్యాహ్నానికి కాఫీ పెట్టుకోడానికి తయారుగా ఉంటాయి, అదొక్కటే దానివల్ల లాభం.

ఆ చెక్క చప్పుడు బట్టి ఆమె కోపం ఎంతుందో ఊరు లెక్కకట్టేది. నిదానంగా వినబడితే వెళ్ళి ఉప్పో పిండో అడగొచ్చు. ఆ మంగళవారం చప్పుడు విని పక్కింటి లిడియా అడగడానికి తీసిన గిన్నె ఇంట్లో పెట్టేసి ఉత్తచేతులతో వచ్చింది. లిడియాకి డెబ్బై దాటాయి. చుట్టరికం లేకపోయినా మినర్వాకి ఆవిడ పిన్ని.

"ఏమే, ఇవాళ ఎవర్ని కొడుతున్నావు?"

"పైన ఆనకట్ట కాడ నీళ్ళు మళ్ళించుకుంటున్న పత్తి దొరల్ని."

"వాళ్ళని నిన్నే కొట్టావు కదే."

"నిన్న చావలేదు."

లిడియా నవ్వి, గోనె అంచున చతికిలబడి, గంపలోంచి తుమ్మకాయ తీసుకుని నమలడం మొదలెట్టింది. ఆవిడకి పళ్ళు నాలుగే ఉన్నాయి గానీ నాలుగూ ఒకేవైపు ఉండటం ఆవిడ అదృష్టం.

మినర్వా అమ్మ జనవరిలో పోయింది. ఆవిడ పేరు ఈ కథలో ఉండదు. పోయినవాళ్ళ పేరు ఓదమ్‌లు, తెల్లవాళ్ళు రాకముందునుంచీ ఆ నది ఒడ్డున ఉన్న ఆ జనం, పలకరు. పలికితే పిలిచినట్టు. పిలిస్తే రాకుండా ఉండటం వాళ్ళకి చేతకాదు, వచ్చాక ఉత్తచేతులతో పోవడం అంతకన్నా చేతకాదు. అందుకే వాళ్ళ వస్తువులేవీ వెనక మిగలనివ్వరు. అమ్మ ఉన్న ఇల్లు తగలబెట్టారు. గుడ్డలు, దుప్పటి, బుట్టలు అందులోనే వేశారు. తిరగలిరాయిని రెండు ముక్కలు చేశారు. ముసలి గుర్రాన్ని వాగులోకి తీసుకెళ్ళి కాల్చారు. ఆ తుపాకీ పట్టుకున్నది మినర్వానే. ఆ గుర్రం చివరిదాకా ఆమె జేబులో బెల్లం ఉందనుకుంది. మిషన్ పాస్టరు ఇదంతా అజ్ఞానమని ఆదివారం ఆదివారం చెప్పేవాడు. జనం శ్రద్ధగా విని, పాటలు పాడి, ఇంటికెళ్ళి అగ్గిపెట్టె వెతుక్కునేవాళ్ళు.

ఒక్క మూకుడు మిగిలింది.

అది మినర్వా ముత్తవ్వకి కాలవ పూడిక తీస్తుంటే దొరికింది. బూడిదరంగు మూకుడు. లోపల ఎర్రజాజుతో లావుపాటి గీతలు, అడ్డంగా నిలువుగా వల అల్లినట్టు. బయట పుల్లతో గీసిన చారలు. దిబ్బ కింద వాళ్ళది. వాళ్ళ వస్తువులు ఇంటికి తెస్తే జబ్బు చేస్తుందని అందరికీ తెలుసు, ముత్తవ్వకీ తెలుసు. కానీ ఆవిడ పార దానిమీద పడి పార వంగిపోయింది, మూకుడుకి గీత పడలేదు. కొత్త పార ఎవరిస్తారని ఆవిడ మూకుడు పట్టుకొచ్చేసింది. ముత్తవ్వ పోయినప్పుడు రాతికేసి కొట్టారు. రాయి పెచ్చులూడింది. అమ్మమ్మ పోయినప్పుడు బండిచక్రం కింద పెట్టారు. చక్రం మరమ్మతుకి బండి మూడువారాలు కమ్మరి దగ్గరుంది. అమ్మ పోయినప్పుడు గొడ్డలి మడమతో కొట్టింది మినర్వా. గొడ్డలికామ నిలువునా చీలింది.

"ఇంకో గొడ్డలి తేనా?" అని అడిగింది లిడియా అప్పుడు.

"వద్దు పిన్నీ. దీని బుద్ధే అంత."

నాలుగు రోజులు పందిరి బయట బోర్లించి ఉంచారు, ఎప్పటిలాగే. ఐదోరోజు కడిగి అందులో చిక్కుడుగింజల పులుసు పోసుకున్నారు. ఎవరూ దాన్ని గురించి ఇంకేమీ అనలేదు. కొందరి గాడిదలు వాగు దాటవు, కొందరి పొయ్యి గాలివాటున మండదు, ఆంటోన్ల మూకుడు పగలదు.

కానీ మినర్వాకి లోపల ఒక ముల్లు ఉండిపోయింది. అమ్మకి చెయ్యాల్సినవన్నీ చేసింది, ఈ ఒక్కటీ కాలేదు. రోజూ పొద్దున ఆ మూకుడు కంటబడగానే, అప్పిచ్చినవాడు ఎదురుపడినట్టు ముఖం తిప్పుకునేది.

ఆ మంగళవారం పదిగంటలకి, ఓదమ్‌ల మీద పెత్తనానికి ప్రభుత్వం పెట్టిన ఏజెన్సీ ఆఫీసు కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి తమ్ముడు హార్లన్ దిగాడు. నలభై ఐదేళ్ళు, మెడకి టై. ఆఫీసులో దుబాసీ పని. ఏజెన్సీలో చెక్కలతో కట్టిన ఇంట్లో ఉంటాడు. అమ్మ పోయినప్పుడు మినర్వా జుట్టు చెవులదాకా కోసుకుంది. హార్లన్ జుట్టు ముందే పొట్టిగా ఉంది కాబట్టి అతను దాని గురించి ఆలోచించాల్సిన పని పడలేదు.

"బాగున్నావా అక్కా?"

"కారాపు. కుక్క పడుకుంది."

"ఆపే ఉంది."

"అయితే కుక్కని చూసి నేర్చుకో, అడ్డం లేకుండా పడుకోడం."

హార్లన్ టోపీ తీసి, చెమట తుడుచుకుని, జేబులోంచి మడత కాగితం తీశాడు. "వచ్చే నెల తొమ్మిదో తారీఖున అమ్మ భూమి మీద విచారణ. వారసుల దొర వస్తున్నాడు. నువ్వు రావాలి."

వారసుల దొర అంటే ప్రభుత్వం పంపే అధికారి. ఓదమ్‌లకి తలా పదెకరాలు పంచి కాగితాలిచ్చినప్పటినుంచి, ఆ పదెకరాలవాళ్ళు ఒక్కొక్కరే పోతూ ఉంటే, ఊరూరా తిరిగి ఎవరిది ఎవరికని రాసుకుపోతుంటాడు. అంతకుముందు భూమికి కాగితం లేదు, తగలబెట్టాల్సినవాటిలో అది లేదు కాబట్టి ఎవరూ చిక్కుపడలేదు.

"విచారణేంటి? ఆ పొలం నేను దున్నుతున్నా. ఇరవైరెండేళ్ళుగా. తుమ్మమొద్దులు పెకలించింది ఎవరు? నువ్వా?"

"కాదన్నానా అక్కా? కాగితం మీద చెప్పాలిగా."

"చెప్పి?"

హార్లన్ నేలవైపు చూశాడు. "చూడూ, నీళ్ళులేని నేల. ఏడాదికి పది బస్తాల గోధుమలు కూడా రావు. పైన పత్తి వేసే దొర ఒకాయన కౌలుకి అడుగుతున్నాడు. ఆయనకిస్తే కాలవ ఆయనే తవ్వించుకుంటాడు, నీళ్ళు ఆయనే తెచ్చుకుంటాడు."

మినర్వా చెక్క కిందపెట్టింది. లిడియా నమలడం ఆపింది.

"ఆయనకిస్తే ఆ నేలకి నీళ్ళొస్తాయా?"

"వస్తాయి."

"నా చేతిలో ఉంటే రావా?"

"అది రూలు అక్కా. కాలవకి..."

"అదే నేల. అదే నది. నా గోధుమకి రాని నీళ్ళు వాడి పత్తికి ఎలా దారి తెలుసుకుంటాయిరా? నీళ్ళకి ఇంగ్లీషొచ్చా?"

లిడియాకి తుమ్మకాయ గొంతుకి అడ్డంపడింది. ఆవిడ వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, మినర్వా మళ్ళీ చెక్క తీసుకుంది. హార్లన్ ఇంకాసేపు నించుని, "మూకుడు కూడా తీసుకురమ్మన్నారు," అన్నాడు. "అమ్మ వస్తువుల జాబితాలో రాశారు."

"ఎవరు రాశారు?"

హార్లన్ టోపీ పెట్టుకున్నాడు. కారెక్కాడు. కుక్క ఆవులించింది.

ఎవరు రాయించారో చెప్పనక్కర్లేదు. ఊరి పక్క దిబ్బలో రెండేళ్ళుగా ఒక తవ్వకాల దొర డేరాలు వేసుకుని ఉన్నాడు. నల్లటి పొడుగాటి మనిషి, ఎండకి అంత నల్లబడ్డాడు. ఏదో మ్యూజియంవాడు. చెడ్డవాడని ఎవరూ అనలేదు. జీతాలు సరిగ్గా ఇచ్చేవాడు, పిల్లలకి బిస్కెట్లు పెట్టేవాడు. పోయినవాళ్ళ ఎముకలు తీసి అంకెలు వేసి డబ్బాల్లో పెట్టేవాడు. దిబ్బ కింద వాళ్ళని ఓదమ్‌లు హుహుగమ్ అంటారు, అయిపోయినవాళ్ళు అని. అతను ఆ మాటని నోట్లో తిప్పి తిప్పి హోహోకమ్ చేసుకుని పుస్తకంలో రాసుకున్నాడు. కుండపెంకులు కడగడానికి ఊరి ఆడవాళ్ళని పెట్టుకున్నాడు. గోనెలకొద్దీ పెంకులు. ఎంత తవ్వినా పెంకులే.

"ఒక్కటైనా పూర్తిగా దొరకలేదు," అని ఒకసారి విచారంగా అన్నాడట.

"పగలగొట్టకుండా ఎవరైనా పంపిస్తారా?" అంది లిడియా. ఆ మాట హార్లనే తర్జుమా చేశాడు. దొర అది కూడా రాసుకున్నాడు.

వేసవి మొదట్లో అతను మంచినీళ్ళకని మినర్వా పందిరికి వచ్చి, పులుసుతో ఉన్న మూకుడు చూసి నేల మీద మోకాళ్ళూనాడు. పులుసు చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు. చాలా పాతదన్నాడు. కుండ మీద రంగు వెయ్యొచ్చని మనుషులకి మొదట తోచిన రోజులది అన్నాడు. అంతకుముందు ఉత్త బూడిదరంగు కుండలేనట. ఎవరో ఒకామె మొదటిసారి జాజులో పుల్ల ముంచి గీత గీసిందట. ఎందుకు గీసిందో తెలిస్తే బావుణ్ణు అన్నాడు.

మినర్వాకి తెలుసు. నలభై ఏళ్ళుగా కుండల మీద గీతలు గీస్తున్న మనిషికి అవతలి చెయ్యి కనబడుతుంది. పుల్ల మీద బరువంతా మోపి గీసింది ఆమె. మలుపు దగ్గర ఆగలేదు, జాజు ముద్దకట్టినా లెక్కచెయ్యలేదు. ఒకచోట పుల్ల విరిగింది. విరిగిన పుల్లతోనే మిగతాది లాగించింది.

"ఇది గీసినావిడ ఆ పూట ఎవరి మీదో మండిపడుతోంది," అంది మినర్వా.

ఆ మాట దొర రాసుకోలేదు.

జూలై 9. వానల ముందు వచ్చే దుమ్ముగోడ దక్షిణాన లేచి నిలబడి ఉంది గానీ కదలడం లేదు. మినర్వా, లిడియా తెల్లారకముందే బండి కట్టి ఏజెన్సీకి చేరారు. దారిలో మూకుడు మినర్వా ఒళ్ళో ఉంది. అందులో వేయించిన గోధుమపిండి పోసుకుని, నీళ్ళు కలుపుకుని ఇద్దరూ తాగారు. జాబితాలో ఎక్కినా మూకుడు మూకుడే.

విచారణ ఆఫీసు పక్కగదిలో. వారసుల దొర లావుపాటి మనిషి, ముఖం ఎర్రగా ఉడికి ఉంది. బల్ల మీద ఫ్యాను ఉంది. అది తల అటూ ఇటూ తిప్పకుండా అతన్నొక్కణ్ణే చూస్తోంది. మినర్వా చేతిలోంచి మూకుడు తీసుకుని, పాత వార్తాపత్రిక మీద పెట్టి, దారంతో అంకె చీటీ కట్టాడు గుమాస్తా. తవ్వకాల దొర కిటికీ దగ్గర టోపీ పట్టుకుని నించున్నాడు, సంబంధం చూడ్డానికి వచ్చినవాడిలా. గోడవారగా సాక్షులిద్దరు. ఒకరు వాల్టర్, ఇతనికి పుట్టుచెవుడు. ఇంకొకరు సైరస్, చర్చి పెద్ద, అబద్ధం ఆడడని పేరు. సైరస్ పొలం విచారణ కూడా ఆ రోజే ఉంది, దీని తర్వాత. ఆయన కొడుకు పోయాడు కిందటేడు.

దుబాసీ హార్లన్. తన కేసుకి తనే దుబాసీ. ఇది సరేనా అని ఎవరూ అడగలేదు. ఆఫీసులో ఉన్న దుబాసీ అతనొక్కడే.

మినర్వాకి ఇంగ్లీషొచ్చు. చిన్నప్పుడు బోర్డింగు స్కూలుకి పట్టుకుపోయి రెండేళ్ళు నేర్పారు. సొంతమాట మాట్లాడితే నోట్లో సబ్బు కుక్కేవాళ్ళు. పారిపోయి మూడు రోజులు నడిచి ఇంటికొచ్చిన రోజున, ఆ భాష ఇక నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. చెవులకి మాత్రం ఒట్టు పెట్టలేకపోయింది.

"చనిపోయిన ఆమె పేరు?" అడిగాడు దొర.

హార్లన్ గొంతు సవరించుకున్నాడు. "పేరు అడుగుతున్నాడక్కా."

"ఆయన ముందున్న కాగితం మీద రాసే ఉందిగా."

"నువ్వు చెప్పాలంట. ప్రమాణం మీద."

"అమ్మ పోయి ఏడాది తిరగలేదు. తిరిగినా చెప్పను. నువ్వు చెప్పు ఆయనకి, ఎందుకు చెప్పనో. నీకు తెలీదా?"

హార్లన్ ఇంగ్లీషులో చెప్పాడు: "తన తల్లి పేరు చెప్పడానికి నిరాకరిస్తోంది." అంతే. ఎందుకో చెప్పలేదు.

మినర్వా పళ్ళు నూరింది. గదిలో అది వినబడింది.

దొరకి విసుగొచ్చింది. పొద్దుటినుంచి ఇది ఎనిమిదో కేసు. తల్లి పేరు చెప్పనివాళ్ళు, తండ్రి పేరు చెప్పనివాళ్ళు. ఒకావిడ అయితే చచ్చిపోయిన మొగుణ్ణి 'ఆ పొడుగాయన' అంది తప్ప అంగుళం కదల్లేదు. అతను కలం కాగితానికి అడ్డంగా పెట్టి మెల్లగా చెప్పాడు. తల్లి పేరు చెప్పని మనిషి ఆమె కూతురని తను ఎలా రాస్తాడు? కొడుకు మాత్రం ఆఫీసు రికార్డులో ఉన్నాడు. కాబట్టి కొడుకే వారసుడు. పదెకరాలు, ఆ మట్టిపాత్ర, రెండూ అతనికే. ఇద్దరు సాక్షులు వేలిముద్ర వేస్తే అయిపోతుంది.

హార్లన్ తర్జుమా చెయ్యబోతే మినర్వా చెయ్యెత్తింది.

"చెప్పకు. విన్నాను." ఆమె లేచి నిలబడింది. "ఆ పొలంలో అమ్మ పక్కన వంగి గోధుమ కోసింది ఎవరు? అమ్మకి రెండేళ్ళు నోట్లో ముద్ద పెట్టింది ఎవరు? గుర్రాన్ని కాల్చింది ఎవరు? అప్పుడు నువ్వెక్కడున్నావురా? టై కట్టుకుంటున్నావా? ఇరవైరెండేళ్ళ నా నడుం ఆ నేలలో ఉంది, అదంతా తీసుకెళ్ళి ఆ పత్తివాడి కాళ్ళ దగ్గర పరుస్తావా? మన నీళ్ళు తాగి బతికేవాడికి మన నేల కూడానా? ఇంకా ఏమేం కావాలో ఒకేసారి అడగమను, తలా ఒక వేలు కోసిస్తాం!"

దొర హార్లన్ వైపు చూశాడు. "ఏమంటోంది?"

"అభ్యంతరం చెబుతోంది," అన్నాడు హార్లన్.

వాల్టర్‌కి ఏం జరుగుతోందో వినబడలేదు. గుమాస్తా భుజం తట్టి బల్ల చూపిస్తే, అందరికీ నవ్వుతూ తలూపి, వేలిముద్ర వేసి, ఎండ పెరక్కముందే ఇంటికి పోయాడు.

సైరస్ వంతు వచ్చింది. ఆయన బల్ల దగ్గరకి వచ్చి నించున్నాడు, కాళ్ళు ఈడుస్తూ.

"మామా," అంది మినర్వా. "నేను ఎవరి కూతుర్నో నీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"మరి?"

"వాడు కొడుకా కాదా అని అడుగుతున్నారు. కొడుకే. లేదని ఎలా చెప్పను? దేవుడి ముందు అబద్ధం..." ఆయన బల్ల మీది కాగితాల కట్టవైపు చూశాడు. "నా కేసు కూడా దీని వెనకే ఉందమ్మా. నా మనవరాళ్ళది."

గుమాస్తా ఆయన బొటనవేలు పట్టుకుని సిరా మెత్త మీద అద్దాడు. వేలు నల్లగా గాల్లో ఆగింది. అప్పుడు దొరకి రూలు గుర్తొచ్చింది. వేలిముద్ర వేసేముందు సాక్షికి వాంగ్మూలం అతని భాషలో చదివి వినిపించాలి. పేర్లతో సహా. వాల్టర్ విషయంలో మరిచిపోయాడు గానీ ఇప్పుడు మరిచిపోదలుచుకోలేదు.

"చదువు," అన్నాడు.

హార్లన్ కాగితం తీసుకున్నాడు. పైవాక్యం చదివాడు. తేదీ చదివాడు. పొలం నంబరు చదివాడు. తర్వాతి వాక్యం దగ్గర ఆగి, "మా అమ్మ..." అన్నాడు.

"పేరు," అన్నాడు దొర. కాగితం మీద ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.

మినర్వా తమ్ముడి పెదాలు చూసింది. ఎండిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే ఎండేవి, తనే తడిగుడ్డతో అద్దేది. వద్దురా అందామనుకుంది. కోపం అడ్డుపడి ఆ మాట బయటికి రాలేదు. ఆ ఒక్క సంగతి ఆమె తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు.

హార్లన్ ఆ పేరు పలికాడు. మొత్తం. మిషన్‌లో పెట్టిన పేరు, చిన్నప్పుడు వాళ్ళమ్మ పెట్టిన పేరు, రెండూ.

ఎండుపుల్ల విరిగినంత చప్పుడైంది. అంతే. వార్తాపత్రిక మీద మూకుడు విడిపోయింది. దాని దగ్గర ఎవరూ లేరు. దొర చెయ్యి కాగితం మీద ఉంది, తవ్వకాల దొర కిటికీ దగ్గర ఉన్నాడు, ఫ్యాను అటు చూడను కూడా లేదు. లావుపాటి ఎర్రగీతల వెంబడే, ఆ గీతలు గీసినావిడ ఎక్కడ విరగాలో అప్పుడే రాసిపెట్టినట్టు, ఒక్కొక్క ముక్కే పక్కకి ఒరిగింది. చీటీ కట్టిన దారం మాత్రం ముడి వీడలేదు.



"వచ్చింది," అంది లిడియా. పక్కింటావిడ పిండికోసం వచ్చిందన్నట్టే అంది.

సైరస్ గాల్లో ఉన్న బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత దాన్ని నిదానంగా ప్యాంటుకి తుడుచుకున్నాడు. మంచి ప్యాంటు, ఆదివారానిది. ఇటొకసారి, అటొకసారి, గోరు సందుతో సహా.

"ఆవిడ ఎదురుగా ఆవిడ పొలం ఇంకొకరిదని ఎలా వేస్తాను?" అన్నాడు హార్లన్‌తో. "నా వల్ల కాదురా అబ్బాయ్. నా కేసు ఏమైతే అయింది." టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. వరండాలో వాళ్ళ వంతుకోసం కూర్చున్న పదిహేనుమందీ కిటికీలోంచి చూశారు. ఒకరి తర్వాత ఒకరు లేచి, గుడ్డలు దులుపుకుని, బండ్లు కట్టుకున్నారు. ఎవరూ పరిగెత్తలేదు. పలకరింపులు కూడా మానలేదు. "మీ గోధుమలు కోశారా?" "ఎక్కడ, పావు వంతే." ఐదు నిమిషాల్లో వరండా ఖాళీ.

"ఎక్కడికి పోతున్నారు?" దొర లేచాడు. "ఇంకొక సాక్షి కావాలి! ఏమయింది వీళ్ళకి?"

హార్లన్ జవాబు చెప్పలేదు. పదిహేడేళ్ళ దుబాసీ ఉద్యోగంలో దొరలు అడిగినదానికి అతను తర్జుమా చెయ్యకపోవడం అదే మొదటిసారి.

తవ్వకాల దొర మాత్రం బల్ల ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. లిడియా పైగుడ్డ పరిచి పెంకులు ఏరుతోంది. అతను ఏదో బతిమాలాడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఒక్క పెంకు ఇమ్మంటున్నాడు పిన్నీ," అన్నాడు హార్లన్ నీరసంగా. "చిన్నదైనా సరేనట."

"ఆవిడది ఆవిడ పట్టుకుపోవాలి. లెక్క తక్కువైతే మళ్ళీ వస్తుంది. ఈయన డేరాకే వెళుతుందని చెప్పు, అక్కడ పులుసు ఏమన్నా చేస్తాడేమో కనుక్కో."

హార్లన్, "ఇవ్వదట," అని చెప్పాడు.

మినర్వా ఇంకా నించునే ఉంది. ఆరునెలలుగా లోపల గుచ్చుకుంటున్న ముల్లు లేదు. దాని చోట తేలిగ్గా ఉండాలి. లేదు. ఆమె తమ్ముడి దగ్గరకి వెళ్ళింది. కొడుతుందనుకుని అతను కళ్ళు మూసుకున్నాడు.

"గొడ్డలి పెట్టి కొట్టాను," అంది. "అమ్మ కోసం. చెయ్యి వాచేదాకా కొట్టాను. నేను కొడితే పగలనిది, నీ పాడునోటికి పగిలిందా?"

అతను కళ్ళు తెరవలేదు.

"టై తీసెయ్. ఉక్కగా లేదూ," అని బయటికొచ్చి బండెక్కింది.

దుమ్ముగోడ అప్పుడు కదిలింది. దారంతా పళ్ళ మధ్య ఇసక. లిడియా పైగుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు చేరగానే పెంకులన్నీ తీసుకెళ్ళి అమ్మని పెట్టినచోట గుమ్మరించారు. మినర్వా అమ్మతో మెల్లగా, పెద్ద కూతుళ్ళు మాట్లాడే కోపంతో, "ఇంద, నీది. ఇంక వెళ్ళు. మళ్ళీ ఎవడు పిలిచినా రాకు," అంది. కాసేపు ఆగి, "పిలిచినవాణ్ణి ఏమీ అనకు, చిన్నవాడు," అని కూడా అంది.

ఆ తర్వాత వారసుల దొర నాలుగు ఉత్తరాలు రాశాడు. అతని తర్వాత వచ్చినవాడు రెండు రాశాడు. ఆ ఫైలు ముందు కూర్చోడానికి బూడిదమిట్టలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ మరో బొటనవేలు దొరకలేదు. రూలు ప్రకారం రెండు కావాలి. ఉన్నది చెవిటి వాల్టర్‌ది ఒక్కటే. తేలని కేసుని ఎవరికీ కౌలుకివ్వడానికి వీల్లేదని కూడా రూలుంది. పత్తివాడు రెండుసార్లు కారులో వచ్చి పొలం గట్టు మీద నించుని చూసి పోయాడు. హార్లన్ ఆ చలికాలం ఆఫీసు మానేశాడు. కొన్నాళ్ళు పట్నంలో ఉన్నాడు, తర్వాత ఒకరోజు అక్క పందిరి కిందకి వచ్చి కూర్చున్నాడు. ఆమె పలకరించలేదు. పార చేతికిచ్చి కాలవ చూపించింది.

సైరస్ మనవరాళ్ళకి వాళ్ళ నాన్న పదెకరాలూ మూడేళ్ళు ఆలస్యంగా వచ్చాయి. తవ్వకాల దొరకి మూకుడు బొమ్మ దక్కింది, ముందే పెన్సిలుతో గీసుకున్నది. లిడియాకి పైగుడ్డ దక్కింది, జాజు మరకతో. హార్లన్‌కి ఏమీ రాలేదు. మినర్వాకీ కాగితం మీద ఏమీ రాలేదు. ఆమె ఆ పొలం ఇంకో పంతొమ్మిదేళ్ళు దున్ని, మండిపడుతూనే పోయింది. ఆమె గుండ్రాయి పగలగొట్టారు, చెక్క తగలబెట్టారు. ఆఫీసు పుస్తకంలో ఆ పదెకరాలూ ఇప్పటికీ పోయినావిడ పేరునే ఉన్నాయి, పైకి చదివేవాళ్ళు లేరు. నదికి మాత్రం విచారణ జరగలేదు. ఎవరూ చావకుండానే, ఎవరి వేలూ సిరాలో ముంచకుండానే, అది పైన పత్తివాళ్ళకి పోయింది.